రెండో కీలు, సొంత కొప్పు

ఎనభైలలో మా మేనత్త భుజంలోకి రెండుసార్లు ఇనుము దిగింది. హనుమకొండ బజారులోని వాళ్ల ఇత్తడి సామాన్ల దుకాణంలో నిచ్చెన మీద నుంచి పడి కుడి భుజం చితికితే, హైదరాబాదులో లోహపు కీలు పెట్టారు. కొన్నాళ్లకే అది వదులైంది. దాన్ని పీకి, ఎముకలోకి దిగే కాడ లావుగా ఉన్న ఇంకో రకం దించారు. చూడవచ్చిన చుట్టాలంతా ఎముకల డాక్టర్లయిపోయారు. మొదటిది నాసిరకమని ఒకరు, రెండోది మరీ బరువని ఇంకొకరు.

"మనకాడ ఇత్తడికి కరువా?" అని మామయ్య బాధ.

అత్తమ్మకు కావలసింది ఒక్కటే, తన కొప్పు తాను ముడుచుకోవడం. కోడలి వంటకు, ముగ్గుకు, నడకకు కూడా వంక పెట్టిన మనిషి, రోజూ పొద్దున జుట్టు ఆమె చేతికిచ్చి నోరు మూసుకోవాల్సి వచ్చేది. ఆ కోడలు కూడా చిక్కులు కాస్త గట్టిగానే తీసేది.

రెండో కీలు పెట్టిన హైదరాబాదు డాక్టరు వరంగల్లులో డాక్టర్ల మీటింగుకు ఆమెను రమ్మంటే నేను తోడు వెళ్లాను. గోడ మీద రెండు కీళ్ల ఎక్స్‌రేలు పెట్టుకుని, కాడ పొడవు గురించి, దాన్ని ఎముకకు అతికించే సిమెంటు గురించి అందరూ వాదించుకున్నారు. అత్తమ్మ అక్కడే కూర్చుని ఉందని ఎవరికీ గుర్తులేదు. చివరికి ఒకాయన చెయ్యి ఎత్తమన్నాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగింది.

"నొప్పి లేదు కదమ్మా? సక్సెస్," అన్నాడు మా డాక్టరు.

"నొప్పి లేదు సారూ. గని కొప్పు ముడుసుకోరాదాయె."

"అది ఇక కష్టమమ్మా. ఇంట్లో ఎవరూ లేరా?"

నాకు ఒళ్లు మండింది. ఉన్నారు కనుకనే కదా ఈ గోల.

అప్పటిదాకా చెయ్యి లేస్తుందని ఆశపడ్డ అత్తమ్మ దాన్ని ఎత్తే ప్రయత్నం మానేసింది. తర్వాత ముందుకు వంగి, మోచేయి మోకాలి మీద ఆనించి, తలను చేతుల దగ్గరికి దించింది. జుట్టు విప్పి, తంటాలు పడి, ముడి వేసింది. హాలంతా చప్పట్లు. పాత రకం కీలుతో ఇలాంటి ఫలితం రాదని డాక్టరు అందరికీ చెప్పుకున్నాడు.

ఇంటి ముందు రిక్షా దిగగానే కోడలు ఆ కొప్పు చూసి సరిచేయబోయింది. అత్తమ్మ పక్కకు జరిగింది.

"ఉండనియ్యి బిడ్డా. వంకరనే గని, నేను ఏసుకున్నది."