దాడికి ఒప్పుకోని జనరల్

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. తెలిసిన తెలుగు ఆడవాళ్ళందరూ కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే నేను చరిత్ర చదవడానికి యూనివర్సిటీలో చేరాను. హైదరాబాద్‌లో సరదాకి నేర్చుకున్న రష్యన్ నాకు ఇంకా వచ్చు. అందుకే మా ప్రొఫెసర్, పందొమ్మిదో శతాబ్దపు ఒక రష్యన్ అశ్వికదళ జనరల్ సైనిక జీవితం మీద థీసిస్ రాయమన్నాడు.

"గుర్రాల జనరల్‌తో నీకేం పనమ్మా? ఉద్యోగమొచ్చే చదువేదైనా చదువుకోకూడదూ?" అన్నారు ఒక డాక్టరుగారు, శనివారం భోజనాల దగ్గర.

మా ఆయన వెంటనే, "ఇప్పుడు తను మానేస్తానన్నా నేను ఒప్పుకోనండీ" అన్నాడు.

ఆ జనరల్ మునిమనవరాలు పక్క ఊళ్ళోనే ఉందని తెలిసి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. గుమ్మంలో చీరకట్టుతో నన్ను చూసి తెల్లబోయింది. రష్యన్‌లో పలకరించేసరికి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, టీ, చెర్రీ జామ్ పెట్టింది. నేనొచ్చిన పని విన్నాక మాత్రం మొహం ముడుచుకుంది.

"ఆయన గురించి రాయకమ్మా. మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్ళే కారు. దాడి చేయమంటే భయపడ్డాడట."

నాకది మింగుడు పడలేదు. మీసాలు రాని వయసులో హుస్సార్ అనే గుర్రపు రెజిమెంట్‌లో చేరి, ఫ్రెంచి సేనల్ని తరిమి, ఒంటినిండా గాయాలతో, టర్కీతో యుద్ధం నాటికి జనరల్ అయినవాడు, ఒక్క ఉదయం ఎందుకు భయపడతాడు? ఆ చలికాలమంతా లైబ్రరీలో రెజిమెంట్ చరిత్రలూ, ఆయన కింద పనిచేసిన అధికారుల జ్ఞాపకాలూ చదివాను.

అసలు సంగతి వాటిలో దొరికింది: ఆ ఉదయం టర్కీ ఫిరంగుల ముందున్నది పచ్చిక మైదానం కాదు, బురదనేల. జనరల్ స్వయంగా నడిచి చూసొచ్చాడు. గుర్రాలు కడుపులోతు దిగబడతాయని పై అధికారికి చెప్పి దాడికి ఒప్పుకోలేదు. అందరి ఎదుటా పిరికివాడనిపించుకున్నాడు. మర్నాడు తన రౌతులతో ఏటి రేవు దాటి, చుట్టూ తిరిగి, వెనకనుంచి వచ్చి ఆ ఫిరంగుల్నే పట్టుకున్నాడు. పేరు పై అధికారికి దక్కింది. ఈయన్ని మళ్ళీ ఏ యుద్ధానికీ పిలవలేదు.

థీసిస్ వినిపించిన రోజు, నేను పిలిస్తే మునిమనవరాలు వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒక ప్రొఫెసర్ అడిగాడు: "ఆజ్ఞ ధిక్కరించినవాణ్ణి మంచి సైనికుడంటారా?"

"ఆజ్ఞ పాటిస్తే రెజిమెంటంతా బురదలో చచ్చేది, ఫిరంగులు అక్కడే ఉండేవి. ఆయన ఫిరంగుల్నీ తెచ్చాడు, మనుషుల్నీ తెచ్చాడు" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లేచి నిలబడింది. "మా నాన్న ఇది విని ఉండాల్సింది" అంది.

ఆ ఈస్టర్‌కి నన్ను తమ చర్చి హాల్‌కి తీసుకెళ్ళింది. అక్కడి రష్యన్ ముసలివాళ్ళందరికీ, "మా ముత్తాత చరిత్ర రాసింది ఈవిడే" అని చూపించి, కథంతా మళ్ళీ చెప్పించింది. అంత గర్వంగా నేనెప్పుడూ రష్యన్ మాట్లాడలేదు. చివర్లో చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన ముందుకు వంగి అడిగాడు.

"గుర్రాలు? అవి బతికాయా?"

"రేవు దాటినవన్నీ తిరిగొచ్చాయండీ" అన్నాను.

ఆయన తృప్తిగా తలాడించి, తన పక్క కుర్చీ నాకు జరిపాడు.