వాసన లేని సరుకు

పోయిన గురువారం మా ఇంట్లో గ్యాసు బండ మార్చాను. లోపలి రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోలేదు కాబోలు, రెగ్యులేటరు పెట్టగానే బుస్సుమని చప్పుడొచ్చి, కుళ్ళిన వెల్లుల్లిలాంటి కంపు వంటిల్లంతా నిండింది. మా ఆవిడ ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్కలు తీసి, "అలా నిలబడి వాసన చూస్తారేంటండీ, ముందు దాన్ని కట్టెయ్యండి" అంది. కట్టేశాను. కానీ ఆవిడ అన్నది నిజమే, నేను నిలబడి వాసనే చూస్తున్నాను. గ్యాసు వాసన తగిలితే లోకంలో అందరికీ కిటికీ గుర్తొస్తుంది. నాకు మా షావుకారు వెంకటప్పయ్యగారు గుర్తొస్తారు.

ఆయన్ని మీరు చూసి ఉండరు. గుంటూరు మిర్చి యార్డులో ఆయనకు కమీషన్ కొట్టు ఉండేది. రైతు తెచ్చిన మిరపకాయల్ని కొనుగోలుదారులకు అమ్మిపెట్టడం ఆయన పని, ఆ కొట్టులో గుమాస్తాగా తుమ్ముతూ కూర్చోవడం నా పని. ఎనభైల్లో మాట, అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. సీజన్లో యార్డు గేటు దాటిన కుక్కలు కూడా తుమ్మేవి. ఆయన మాత్రం ముప్ఫై ఏళ్ళు ఆ ఘాటులో కూర్చుని ఒక్కసారీ తుమ్మలేదు. ఒకసారి ముక్కు నలుపుకున్నారట, షావుకారు తుమ్మబోతున్నాడని యార్డంతా కొనుగోళ్ళు ఆపేసిందట. ఈ రెండో సంగతి నేను కలిపింది. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకు చెబుతున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

ఆయనకు ఒకటే పద్ధతి. బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి కాయ తీసేవారు. చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. టప్పుమంటే బాగా ఎండిన కాయ, మెత్తగా వంగితే నీళ్ళు చల్లి తెచ్చిన కాయ. తరువాత అరచేతిలో నలిపి రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. ఆ కళ్ళు తెరిచేదాకా రైతు ఊపిరి పీల్చేవాడు కాదు. "విరవకుండా ధర చెప్పేవాడు వ్యాపారి కాదురా సాంబయ్యా, పూజారి" అని నాతో అనేవారు. ఆ ధర కూడా నోటితో చెప్పేది లేదు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ తువ్వాలు కింద కలుస్తాయి, వేళ్ళు నొక్కి బేరం చేసుకుంటారు. పక్కవాడికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనపడదు. అది మా యార్డు ఆచారం. యార్డులో దాపరికం లేనిది నా నోరొక్కటే.

మధ్యాహ్నం అమ్మకాలయ్యాక మా కొట్లో కాఫీ సభ జరిగేది. దానికి ఇద్దరు తప్పకుండా వచ్చేవారు. ఒకరు యేసురత్నం మాస్టారు, మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. రెండో ఆయన పద్మనాభంగారు, చీరాల నుంచి నేత చీరల మూట తెచ్చి బ్రాడీపేట ఇళ్ళల్లో అమ్ముకునేవారు. అవి ఊరంతా షేర్ల పిచ్చి పట్టిన రోజులు. పల్లెటూళ్ళో వెంట్రుకలు కత్తిరించే అతను కూడా దువ్వెన ఆపి, ఏ కంపెనీ బాగుందని అడిగేవాడు. అప్పుడే నూనె బావులు తవ్వి గ్యాసు తీసే కంపెనీ ఒకటి షేర్లు అమ్మింది. దాని పేరు ఇప్పుడెందుకులెండి, అది లేదు, దాని పేరుతో పనీ లేదు. ముగ్గురూ కొనాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే నాకు నాలుక దురద పుట్టింది.

"మా పెద్దమ్మ కొడుకు ఆంజనేయులన్నయ్య ఆ బావి దగ్గరే పని చేస్తున్నాడండీ" అన్నాను. "మొన్న గొట్టం తెరిస్తే తాటిచెట్టంత మంట లేచిందట. ఆ వెలుగులో చుట్టుపక్కల రైతులు లాంతర్లు లేకుండా కుప్పలు నూర్చుకుంటున్నారట."

ముగ్గురూ కొన్నారు. ఆశ్చర్యం ఏమిటంటే, మా షావుకారు కూడా కొన్నారు. జీవితంలో విరవకుండా కొన్న సరుకు అదొక్కటే. కారణం అడిగితే, "మనవాడు చూశాడుగదరా" అన్నారు.

షేరు ధర కొన్నాళ్ళు పెరిగింది, తరువాత పడటం మొదలుపెట్టింది. పేపర్లో చీమ తలకాయలంత అంకెల్ని మాస్టారు భూతద్దంతో చూసి చదివేవారు. ఆయన కనుబొమలు ఎటు పోతే ధర అటు పోయినట్టు.

"అమ్మేద్దామండీ" అనేవారు పద్మనాభంగారు. "రంగు వెలిసిన చీర బీరువాలో పెడితే రంగు తిరిగొస్తుందా? ఎంతకి పోతే అంతకి వదిలించుకోవాలి."

"మిరపకాయ ధర లేకపోతే అమ్ముతామా?" అనేవారు షావుకారు. "కోల్డ్ స్టోరేజీలో పెడతాం. ధరొచ్చాక తీస్తాం. ఇదీ అంతే."

ఇదీ అంతే అన్న మనిషి అన్నంత పనీ చేశారు. కాగితాలు చేతికి అందేచోట ఉంటే బుద్ధి అమ్మకం మీదికి పోతుందని, ముగ్గురి షేరు సర్టిఫికెట్లూ గోతాంలో పెట్టి కుట్టించి, మిరప బస్తాలతో పాటు నిజంగానే కోల్డ్ స్టోరేజీకి పంపారు. అక్కడి వాడు సరుకు రకం ఏమని రాయాలని అడిగితే, ఏమీ తోచక "తాలు కాయ" అని రాయించాను. అంటే రంగు లేని పుచ్చు కాయ. ఆ కంపెనీ గురించి నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

అంతవరకూ నాకు నవ్వులాటగానే ఉంది. ఒకరోజు కంపెనీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పాత షేర్లున్నవాళ్ళకు కొత్తవి చవగ్గా ఇస్తాం, నెలాఖరులోగా డబ్బు కట్టండి అని. మాస్టారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "నేను కడదామనుకుంటున్నానండీ" అన్నారు.

మాస్టారిది పెంకుటిల్లు. వానొస్తే గదిలో ఏడు గిన్నెలు పెట్టేవాళ్ళు. ఆ గిన్నెల చప్పుళ్ళతోనే వాళ్ళావిడ కీర్తనలు పాడుతుందని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. స్లాబు వెయ్యడానికి పదేళ్ళు కూడబెట్టారు. అందులో సగం అప్పటికే ఈ షేర్లలో పడింది. ఇప్పుడు మిగతా సగం.

"ధర ఇంత పడ్డాక ఇంకా ఏం చూసి కడతారండీ?" అన్నారు పద్మనాభంగారు.

"పేపరు వాడు బొంబాయిలో కూర్చుని రాస్తాడు. మన సాంబయ్యగారి అన్నయ్య మంట కళ్ళారా చూశాడు. ఎవరి మాట నమ్మాలి?"

షావుకారు గ్లాసు కింద పెట్టారు. "మాస్టారూ, మనం ఇంతవరకూ ఒక్క కాయ విరవలేదు. కట్టేముందు శాంపిల్ చూద్దాం. ఒరే సాంబయ్యా, ఆదివారం కారు మాట్లాడు. మీ అన్నయ్య ఉంటాడుగా, అన్నీ చూపిస్తాడు."

ఆదివారం మాస్టారు ప్రార్థన ముగించుకుని రాగానే అంబాసిడర్లో బయల్దేరాం. నేను ముందు సీట్లో డ్రైవరు పక్కన. తెనాలి చేరేలోగా మనసులోనే అన్నయ్యను అస్సాం బదిలీ చేశాను. అక్కణ్ణించి ఉత్తరాలు రావట్లేదని అనుకున్నాను. రేపల్లె దగ్గర కామెర్లు తెప్పించాను. చంపేద్దామా అని కూడా అనిపించింది గానీ, పెద్దమ్మ గుర్తొచ్చి ఆగాను. వెనక సీట్లో మాస్టారు, అన్నయ్యకని వేటపాలెం జీడిపప్పు పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

సముద్రం గాలి తగిలేచోట బావి. ముళ్ళకంచె, మధ్యలో ఇనుప గోపురం, పక్కన బురద గుంట. పసుపు టోపీ పెట్టుకున్న కుర్ర ఇంజినీరు ఎదురొచ్చాడు. షావుకారు నమస్కారం పెట్టి, "మేం మీ కంపెనీలో వాటాదార్లం బాబూ. సరుకు ఒక్క పిడికెడు చూపిస్తే చూసి పోతాం" అన్నారు.

"సరుకేంటండీ?"

"అదే, మీరు తీసేది."

"ఇందులో ఇంకా ఏమీ తగల్లేదండి, బురదే. అవతల దాంట్లో కొద్దిగా గ్యాసుంది. అది కంటికి కనపడదు."

"పోనీ వాసన చూస్తాం."

ఆ అబ్బాయి నవ్వలేదు, అందుకు అతనికి ఇప్పటికీ నా నమస్కారం. "దీనికి వాసన ఉండదండి. మీ వంటింటి గ్యాసుకి కూడా సొంత వాసన ఉండదు. కారితే మనిషికి తెలియాలని కంపు మందు కలిపి పంపుతారు" అన్నాడు.

షావుకారు ఆ బురద గుంట వైపు చాలాసేపు చూశారు. "రంగు లేదు, రూపం లేదు, వాసన లేదు. దాన్ని మనం ధర పెట్టి కొన్నాం పద్మనాభంగారూ."

మాస్టారు మాత్రం పొట్లం పట్టుకుని ముందుకొచ్చారు. "బాబూ, మీ దగ్గర ఆంజనేయులని ఉంటాడు. సాంబయ్యగారి అన్నయ్య."

"అలాంటివాళ్ళెవరూ లేరండీ."

అందరూ నా వైపు తిరిగారు. అస్సాం నాలుక చివర సిద్ధంగా ఉంది. అంతలో మాస్టారే నా తరఫున, "ఇవాళ ఆదివారం గదా, సెలవు పెట్టుంటాడు పాపం. మనం చెప్పకుండా వచ్చాం" అన్నారు. నా అబద్ధానికి ఆయన సాయం పట్టారు.

"అన్నయ్య ఇక్కడ ఎప్పుడూ పని చెయ్యలేదండీ" అన్నాను. "బాపట్లలో సోడాలు కొడతాడు."

పద్మనాభంగారు గొంతు సవరించుకుని, "సోడాలో ఉండేదీ గ్యాసే గదా. మరీ అంత అబద్ధం కాదులెండి" అన్నారు.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "అయితే ఆ వెలుగులో రైతులు కుప్పలు నూర్చుకోవడం?"

"అదీ నాదేనండీ."

"అది బాగుంది" అన్నారు ఆయన. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

తిరుగు దారిలో తెనాలిలో కాఫీకి ఆగినప్పుడు షావుకారు నన్ను పక్కకు పిలిచారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"అబద్ధం చెప్పావని నేననను. నేను చెప్పకుండా ముప్ఫై ఏళ్ళు వ్యాపారం చేశానా? కానీ ఆ కుర్రాడు చెప్పింది విన్నావుగా. వాసన లేనిదాన్ని అలాగే ఇళ్ళలోకి వదిలితే మనుషులు పోతారు. తాటిచెట్టంత మంట అన్నావు. ఉండొచ్చుననిపించింది, కొన్నాం. ఆకాశమంత అనుంటే మాస్టారు నవ్వుకుని ఇంటికి పోయేవారు. ఈసారి చెప్పేటప్పుడు వాసన కలుపు."

అంతే. వెళ్ళి మాస్టారి పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పారు. "మీ షేర్లు నాకిచ్చెయ్యండి."

"పడిపోయిన సరుకు మీకెందుకండీ, వద్దు."

"కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టేది నేను. చెయ్యివ్వండి."

తువ్వాలు చాలాసేపు కదిలింది. ఒకసారి మాస్టారు చెయ్యి లాక్కోబోయారు, షావుకారు వదల్లేదు. ఆ ధర ఎంతో నాకు నేటికీ తెలియదు. తరువాత మాస్టార్ని చాలాసార్లు అడిగాను. "లెక్కల మాస్టార్ని, తప్పు చెప్పలేను. అందుకే చెప్పను" అనేవారు.

కొత్త షేర్లకు ఎవరూ డబ్బు కట్టలేదు. ఆ ఏడు వానలు పడకముందే మాస్టారి ఇంటికి స్లాబు పడింది. ఆ రోజు పొద్దుట్నుంచీ కాంక్రీటు తట్టలు మోసిన కూలీల్లో నేనొకణ్ణి. నన్ను పంపింది షావుకారే. ఆ గిన్నెలు ఏడూ మాస్టారి భార్య ఆ రోజు కూలీలకు కూరలు వడ్డించడానికి బయటికి తీశారు.

తరువాత కంపెనీ మూతపడింది. కోల్డ్ స్టోరేజీ నుంచి బస్తా తెప్పించి విప్పితే కాగితాలు ఎర్రగా మరకలు కట్టి, ఘాటుకి ముక్కు పగిలేలా ఉన్నాయి. షావుకారు ఒకటి తీసి వాసన చూశారు. ముప్ఫై ఏళ్ళు తుమ్మని మనిషి, మొట్టమొదటిసారి తుమ్మారు. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఇప్పుడు దీనికి వాసన వచ్చింది, ఉంచుకో" అన్నారు. ఆయన పోయి పదేళ్ళు దాటింది. కాగితం మా బీరువాలో ఉంది, మిరప వాసన ఎప్పుడో పోయింది. ఎవరైనా అడిగితే మాత్రం, ఆ బీరువా తెరిస్తే వీధి చివరి ట్రాఫిక్ పోలీసు తుమ్ముతాడని చెబుతాను.

గురువారం నాటి కంపుకి పక్కింటి విజయ పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది బాబాయిగారూ?"

"ఏం లేదమ్మా, బండ చేతిలోంచి జారి, బుస్సుమని లేచి అమరావతి వెళ్ళింది. గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి ఇప్పుడే వచ్చింది. ప్రసాదం కూడా తెచ్చింది, పెట్టమంటావా?"

"చాల్లెండి బాబాయిగారూ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

హమ్మయ్య, వాసన తగిలింది.