నన్ను బల్ల ఎక్కించిన నాగమణి

ములకలపల్లి దిక్కు సర్కారు దవాఖానాల నేను ఆయమ్మగ చేసిన. రిటైరయ్యే ముందటేడు, ఎండలు ముదిరినప్పుడు, పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు సూదులు మొదలుపెట్టిన్రు. గర్భసంచి మూతికి క్యాన్సర్ తెచ్చే క్రిమి ఒకటుంటది. మొగోనితోని కలిస్తె సోకుతదది. సోకకముందే ఏసే సూది ఇది. తల్లో తండ్రో ఒప్పుకోవాలె. సిస్టర్ సూది ఏసినంక పిల్లను అర్ధగంట కూసోబెట్టి, కండ్లు తిరుగుతున్నయా అని చూసుడు నా పని. పక్క గదిల ముప్పై దాటిన ఆడోళ్లకు ఆ క్రిమి పరీక్ష. ఆ లైను చూసుడు గూడ నాదే.

లైన్ల మొగుడు లేనోళ్లుంటే, "నీకెందుకమ్మా, ఇంటికి పో" అని నేనే పంపేదాన్ని. గట్ల పంపమని నాకెవ్వరు చెప్పలే.

ఒకనాడు నాగమణి అనే రైతామె బిడ్డ స్వాతిని తోలుకొచ్చి గుమ్మంలనే ఆగింది.

"పెండ్లి కాని పిల్లకు గిదేంది ఆయమ్మా?"

"పెండ్లికి ముందే ఏసుకోవాలె. అప్పుడే మంచిగ పనిచేస్తదంట."

"గంత మంచిదైతే నువ్వేసుకున్నవా?"

"నా వయసుకు సూది లేదు, పరీక్షనే."

"మరి చేయించుకున్నవా?"

"మొగుడు పోయి పదకొండేండ్లాయె. నాకెందుకే?"

"దవాఖానాల ఉండి నువ్వే చేయించుకోలే! నడువ్ బిడ్డా, పోదాం."

స్వాతి కదల్లే. "మా క్లాసోళ్లందరు ఏసుకున్నరే అమ్మా" అని మొండికేసింది. లోపల సిస్టర్ విని బయటికొచ్చింది. మొగుడు పోయినా ఆ క్రిమి చప్పుడు లేకుండ ఏండ్లకేండ్లు ఒంట్లె ఉండొచ్చని చెప్పి, ముందు నన్ను పరీక్ష బల్ల ఎక్కమన్నది. సిగ్గుతోని సచ్చిన. అయినా ఎక్కిన. చిన్న బ్రష్షుతోని తడి తీసి సీసాల పెట్టింది. రెండు నిమిషాల పని.

నేను బయటికొచ్చేసరికి నాగమణి నవ్వుతున్నది. "అవ్, ముసల్దే ఎక్కింది, ఇగ నీకేంది భయం" అని బిడ్డ చెయ్యి ముందుకు పెట్టింది.

నాకు క్రిమి ఉన్నదని తేలింది. కొత్తగూడెం పెద్ద దవాఖానాల మళ్ల చూసి, చెడుతున్న ముక్క తీసేసిన్రు. ఇంక క్యాన్సర్ దాక పోలేదన్నరు. నాగమణి ఎత్తిపొడవకపోతే, నేను ఇంటికి పంపినోళ్లల్ల నేనూ ఒకదాన్నయ్యేదాన్ని. ఆమె ఎదురైతే ఇప్పటికీ దండం పెడత. "ఏంది ఆయమ్మా గీ వేషాలు" అని తిడతది.

పుండు మానినంక ఇండ్ల పొంటి తిరిగిన. నేను ఎనకకు పంపినోళ్లు ఏడుగురు యాదికున్నరు. తప్పు నాదేనని చెప్పి పిలిచిన. ఒకామె తిట్టుకుంటనే వచ్చింది. అందరికీ పరీక్ష అయింది.

దవాఖానా గుమ్మంల నిలబడ్డోళ్లు సొంత తెలివితోని మనుషుల్ని వాపస్ పంపొద్దు. నేను నేర్చుకున్నది అది.