బొగొమిల్ వేలికి తగిలిన ఓట్లు

ప్లోవ్‌దివ్ నగరంలోని అంధుల క్లబ్బుకి పద్దెనిమిదేళ్లుగా బొగొమిలే అధ్యక్షుడు. బ్రష్షుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆరో ఏట చూపు పోయింది, నోరు మాత్రం ఆనాటి నుంచి రెట్టింపు పనిచేస్తోంది. క్లబ్బులో చదరంగం బల్ల ఎక్కడ వెయ్యాలో, కాఫీలో చక్కెర ఎంత పడాలో కూడా ఆయనే తేల్చాలి.

ఆయనకో విద్య ఉంది. పలకలో కాగితం బిగించి, సూదితో ఒక్కొక్క చుక్కా గుచ్చి రాసిన బ్రెయిల్‌ని తడిమితే చాలు, రాసిందెవరో చెప్పేస్తాడు. కుట్టుపని చేసే రాద్కా గట్టిగా మొదలుపెట్టి చివరికి నీరసపడుతుంది. ఇక క్లబ్బులోనే సభ్యురాలైన ఆయన భార్య యోన్కా గుచ్చితే కాగితానికి చిల్లులే. "ఉత్తరం రాస్తున్నావా, చెప్పుకి మేకులు కొడుతున్నావా?" అని నలభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

అలాంటివాడు ఓట్లు లెక్కపెడితే ఇక రహస్యమేం మిగులుతుంది? అయినా క్లబ్బు ఆనవాయితీ అది. ఎవరికి వారు పేరు గుచ్చి పెట్టెలో వేస్తారు, అధ్యక్షుడు పైకి చదువుతాడు, గుమస్తా వెసెలా గీతలు గీస్తుంది. వెసెలాకి కళ్లు నిక్షేపంలా ఉన్నాయి గానీ బ్రెయిల్ ఒక్క ముక్క రాదు.

ఈసారి మొదటిసారిగా పోటీ వచ్చింది. అకార్డియన్లు బాగుచేసే స్పాస్ నిలబడ్డాడు. బొగొమిల్‌కి వారం రోజులుగా తిండి సహించలేదు, చీజు పెట్టి కాల్చిన వేడివేడి బానిత్స పెట్టినా సగం వదిలేశాడు. పదవి పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలి? ఆ భయం పైకి చెప్పుకోలేక, "స్పాస్ గాడా? పాపం, నిలబడనీండి" అని అందరి దగ్గరా నవ్వాడు.

ఆదివారం పెట్టె తెరిచారు. మొదటి కాగితం తడిమాడు. "బొగొమిల్! రాద్కా, చల్లగా ఉండమ్మా!"

"రహస్య ఓటు బాబాయ్! కాస్త సిగ్గుపడు!" అని రాద్కా అరిచింది.

రెండో కాగితంలో చుక్కలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. రాసినవాళ్ల చెయ్యి దొరక్కూడదని సూది ఆనీ ఆననట్టు గుచ్చారు. పేరు మాత్రం స్పాస్‌దే.

"ఎవర్రా ఇది? దోమ కుట్టినా ఇంతకంటే తెలుస్తుంది!" అన్నాడు బొగొమిల్. అందరూ నవ్వారు, ఎవ్వరూ ఒప్పుకోలేదు. మూడోది తన ఓటే. అంత చక్కటి చుక్కలు హాలులో ఇంకెవరికీ రావనిపించింది. ఆ తర్వాత తనకి పడ్డ ఓట్ల మధ్య దోమకాట్లు వరసగా తగిలాయి. చెరి పదకొండు అయ్యాక పెట్టెలో ఒక్క కాగితం మిగిలింది.

వేలు పెట్టగానే చిల్లు తగిలింది. యోన్కా! ప్రాణం లేచొచ్చింది. చదివాడు. స్పాస్ అని ఉంది. మళ్లీ తడిమాడు. స్పాసే.

వెసెలాకి చదవడం రాదు. నోరు తెరిచి తన పేరు చెబితే సరిపోతుంది, నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అబద్ధమని యోన్కాకి తెలుస్తుంది, ఆ యోన్కాతోనే ఇంటికి వెళ్లాలి. "స్పాస్" అన్నాడు.

బస్టాపులో యోన్కాని అడిగాడు. "అందరూ మెల్లగా గుచ్చి దాక్కున్నారు కదే. నువ్వూ అలాగే చేస్తే ఎవరో అనుకుని ఊరుకునేవాణ్ణి."

"నీకు తెలియాలనే గట్టిగా గుచ్చాను."

"నేనేం పాపం చేశానే?"

"పొద్దున పోతే రాత్రికి వస్తావు. వచ్చాక మళ్లీ క్లబ్బు గొడవలే. పద్దెనిమిదేళ్లు చెప్పాను, ఒక్కరోజన్నా విన్నావటయ్యా? చెవులతో ఎటూ వినవు, వేలితోనైనా వింటావని రాశాను."

బొగొమిల్‌కి కోపం రావాలి. రాలేదు. ఆమె మోచెయ్యి పట్టుకుని చిన్నగా అడిగాడు.

"అయితే రేపు పొద్దున్న మనం ఏం చేద్దామే?"