దరఖాస్తులో లేని పిల్ల

1968 ఆషాఢంలో ఒక మంగళవారం, పొద్దున్న తొమ్మిదిన్నర. చీపురుపల్లి రైలు స్టేషన్లో బల్ల మీద నా పక్కన కూర్చుని ముక్కూమొహం తెలియని పెద్దమనిషి నా దరఖాస్తు రాసిపెడుతున్నాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆడపిల్లల హాస్టల్లో ఆయా ఉద్యోగం. అక్కడే ఉండాలి, పిల్లలున్నవాళ్లని తీసుకోరు. మొగుడు పోయాడు, తిండి గడవాలి. అందుకని నన్ను పిన్నీ అని పిలవమని నా ఐదేళ్ల కూతురికి దారిపొడుగునా నేర్పాను.

"పిల్లలెంతమందమ్మా?" అన్నాడాయన.

"పిల్లల్లేరు బాబూ."

"మరి ఈ గుంటెవురు?"

"మా అప్ప కూతురు."

"పిన్నీ, దాహమేస్తంది," అంది పిల్ల, నేర్పింది నేర్పినట్టు.

ఆయన కలం ఆపి తన మరచెంబు దానికిచ్చాడు. అది తాగుతుంటే దాని మొహమూ నా మొహమూ చూశాడు.

"లేరనే రాసేస్తన్నాను. ఉజ్జోగమొస్తాదిలే. ఇంటికెల్లాక మాత్రం అమ్మా అని పిలిపించుకో," అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. పిల్లని మా అమ్మ దగ్గర వదిలాను. సెలవుకి వెళ్లినప్పుడల్లా అమ్మా అనమనేదాన్ని. దాని నోట పిన్నీ అనే వచ్చేది. ఇప్పటికీ అంతే.

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను కనుక ఇది నా చేత్తోనే రాస్తున్నాను. ఆ పొద్దు ఆ బల్ల మీద ఉన్నది ఆ పెద్దమనిషి, నేను, నా కూతురు నర్సమ్మ.