ఎల్లేశం పోసే తులసి తీర్థం

మోత్కూరులో ఎవరి బండి మొరాయించినా దానికి ముందుగా సంతాపం తెలిపేవాడు మెకానిక్ ఎల్లేశం. బానెట్ ఎత్తకముందే తల అడ్డంగా ఊపుతాడు. "ఇగ లేదే... మంచి బండి ఉండె," అంటాడు. వచ్చింది పంక్చరుకైనా సరే, మాట మాత్రం అదే.

ఆయన షెడ్డు పక్కనే నా జిరాక్సు దుకాణం. పొద్దున లేస్తే ఈ శోకాలు వినలేక నా ప్రాణం విసిగేది. ఓసారి మా కొత్త మిషను చూడటానికొచ్చి, దాని మీద చెయ్యి వేసి నిట్టూర్చాడు. "దాన్నేం అనకన్నా, నీకు దండం పెడత," అని బయటికి పంపాను.

ఇంజను లాగడం లేదని కారు వస్తే ఇక ఆ షెడ్డు చావు ఇల్లే. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ప్రెషరు మీటరు బిగించి, సెల్ఫ్ కొట్టమంటాడు. సిలిండరులో గాలి గట్టిగా నొక్కుకుంటే ముల్లు లేస్తుంది. లేవకపోతే ఎల్లేశం అందులో చెంచాడు ఇంజనాయిలు పోస్తాడు. ఆయన లెక్కలో అది తులసి తీర్థం.

"పోస్తున్న. ఆఖరుసారి సూస్కోన్రి," అంటాడు.

ఆయిలు పడ్డాక ముల్లు లేస్తే రింగులు అరిగినట్టు. అప్పటికీ లేవకపోతే రోగం పైన, వాల్వుల్లోనో సిలిండర్లకు మూతలా ఉండే హెడ్డులోనో ఉన్నట్టు. ఏదో ఒకటి తేల్చి, ఏడుస్తూనే బాగుచేసి ఇస్తాడు. పోయిందనుకున్న బండి దక్కిందని సొంతదారులు ఆయనకు చాయ్ తాగించి మరీ వెళ్తారు.

ఓ ముసురు రోజున దామోదర్ తన కారును తోయించుకుంటూ వచ్చాడు. కిరాయిలు తోలుకుని బతికేవాడు. తల్లి గుర్వమ్మను డయాలసిస్‌కు నల్లగొండ దవాఖానకు తీసుకుపోయేదీ ఆ కారులోనే. మర్నాడే ఆమె వంతు. శ్రావణం పెళ్లిళ్లు, ఊళ్లో వేరే కారు దొరకదు. ఆటో కుదుపులు ముసలామె తట్టుకోలేదు.

మూడో సిలిండరు దగ్గర ముల్లు పడుకుంది. ఎల్లేశం తీర్థం పోశాడు. ముల్లు కదల్లేదు. ఇక మొదలవుతుందని నేను చెవులు మూసుకున్నాను.

ఎల్లేశం నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఏం గాలె తమ్మీ. చిన్న పని. పొద్దుగాల్ల వచ్చి తీస్కపో."

దామోదర్ ముఖం పాలిపోయింది. "నిజం జెప్పే అన్నా!"

"నిజమేరా. బేఫికర్ ఉండు."

అతను వెళ్లగానే అడిగాను. "గంత మంచిగున్నదా అన్నా?"

"ఏం మంచిగ శ్రీశైలం? వాల్వు కాలింది, హెడ్డు పలిగింది. గిప్పటికిప్పుడు హెడ్డు యాడ దొరుకుతది?"

"మరి గట్ల జెప్పినవేంది?"

"బతికే బండిని సచ్చిందంటే, బాగైనంక మనిషి నవ్వుకుంట పోతడు. నిజంగ సచ్చినదాన్ని గూడ గట్లంటే, అవ్వను ఎట్ల తీస్కపోవాలెనని ఆడు ఆగమైతడు."

షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఎల్లేశం సొంత కారుంది, అదే రకం. పాతది కొని, భార్య నాగరాణిని యాదగిరిగుట్టకు తీసుకుపోవాలని ఏళ్లుగా ముచ్చటపడి బాగుచేసుకున్నాడు. ఆయన దాని హెడ్డే విప్పుతుంటే, అన్నం తెచ్చిన నాగరాణి చూసి గిన్నె పక్కన పెట్టింది.

"గుట్టకు బస్సుల పోదాం తియ్యి," అంది. "నువ్వు తోల్తే తొవ్వ పొడుగున ఏడుపే గదా."

నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం దుకాణం మూసి నేనే టార్చి పట్టుకున్నాను.

తెల్లారి దామోదర్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంజను ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. అయినా అతనికి స్టీరింగు పట్టే ధైర్యం రాలేదు.

"నిన్న నువ్వు నవ్వినవ్ సూడు అన్నా, గప్పటి సంది నాకు నిద్ర లేదు. అవ్వ గూడ తినలే. సక్కగ జెప్పు, దారిల ఆగుతదా?"

ఎల్లేశం గుర్వమ్మ వైపు చూశాడు. ముఖం మెల్లగా వేలాడేశాడు.

"నల్లగొండ దాక ఏడ పోతదే అవ్వా... ఊరు దాటుడే కష్టం."

"గట్ల జెప్పు మరి!" అంటూ గుర్వమ్మే ముందుగా కారెక్కింది.