ఓడి చేరిన జట్టుకు నా తలనీలాలు

ఆ జట్టు పేరు రాయను. రాస్తే వాళ్ళకు ఊరికే ప్రచారం చేసిపెట్టినట్టవుతుంది. పొరుగు రాష్ట్రంలో చదువుకునే రోజుల్లో నాకు ఫుట్‌బాల్ అలవాటైంది. తర్వాత ఆ ఊరికి ఒక ప్రొఫెషనల్ జట్టు వచ్చింది. నేను చిత్తూరుకు తిరిగొచ్చేశాను. అలవాటు కూడా నాతో వచ్చేసింది. అప్పటినుంచి ఆ జట్టు ఓటములు ఇక్కడ నేనొక్కడినే మోస్తున్నాను.

నేను పనిచేసేది బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, నాణ్యత విభాగంలో. మామిడి కాలం ముగిశాక ఫుట్‌బాల్ కాలం మొదలవుతుంది కాబట్టి ఆట చూడటానికి నాకు అడ్డం ఏమీ లేదు. ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకునే మిత్రుడొకడున్నాడు. క్రికెట్ తప్ప లోకంలో ఇంకో ఆట ఉందని ఒప్పుకోడు. ఒకసారి అడిగాడు.

"ఏమప్పా, నిన్న మీవోళ్ళు గంటన్నర పరిగెత్తి ఏం తెచ్చినారు?"

"డ్రా."

"డ్రా తెచ్చేదానికి అంత పరిగెత్తల్నా? ఇంట్లో పండుకోనుంటే వచ్చుండు గదా!"

ఈ మాటన్నది కొన్నేళ్ళ క్రితం. నేను మర్చిపోలేదు. అతనితో టీ తాగుతాను, పండక్కి వాళ్ళింటికి పోతాను, ఆ మాట మాత్రం అలాగే ఉంది. అందులో తప్పు లేకపోవడమే నా బాధ.

గడిచిన సీజన్ మొదట్లో మొదలైన సంగతి ఇది. మా మామ తిరుపతిలో ఉంటాడు. దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన మోకాలు అరిగిపోయింది, ఆపరేషన్ చేయాలన్నారు. అది బాగా జరగాలని మొక్కుకోవడానికి నా భార్య నన్ను తిరుమలకు తీసుకుపోయింది. ముందురోజు సాయంత్రమే మా జట్టు మొదటి మ్యాచ్ ఓడిపోయింది. క్యూలో నిలబడ్డంతసేపూ నా మనసులో ఆ మ్యాచే నడిచింది. ఆ రెండో గోల్ ఎలా ఇచ్చారు, ఎవడు వదిలేశాడు, అదే ఆలోచన. స్వామి ముందుకు వచ్చేసరికి వెనకనుంచి "జరగండి, జరగండి" అని తోస్తున్నారు. ఆ రెప్పపాటులో నా నోట్లోంచి వచ్చిన మాట, "ఈసారి వీళ్ళను నాకౌట్‌కు చేర్చు సామీ, తలనీలాలిస్తాను" అని.

కొండ దిగే బస్సులో ఆమె అడిగింది.

"మొక్కుకున్నారా?"

"మొక్కుకున్నాను."

"మా నాయన మోకాలికే గదా?"

దేవుడి దగ్గరినుంచి వస్తూ అబద్ధం చెప్పలేక జరిగింది చెప్పాను. ఆమె కిటికీవైపు తిరిగి కూర్చుంది. అలిపిరి దగ్గర పడ్డాక ఇటు తిరిగింది.

"ఆ బంతాటోళ్ళకు గుండు ఇస్తారా మీరు? మా నాయనకిచ్చేదానికి మీ తలమీద వెంట్రుకలు లేకపాయనా?"

"వాళ్ళు యాడ చేరతారే? వాళ్ళు చేరేదీ లేదు, నేనిచ్చేదీ లేదు."

"ఇచ్చేది లేకుంటే ఆడ నోరెందుకు తెరిసినారు?"

నోరు తెరవడం తప్పే. వాళ్ళు చేరరన్న నమ్మకం మాత్రం గట్టిగా ఉంది. ఆ నమ్మకం ఊరికే రాలేదు.

గోల్‌కీపర్ సంగతే చూడండి. ఎత్తయిన మనిషి. తనను దాటి వెళ్ళే బంతిని అందరికంటే బాగా చూడటానికే ఆ ఎత్తు పనికొచ్చింది. అతని ముందు ఇద్దరు డిఫెండర్లు. కార్నర్ కిక్ వచ్చిందంటే చాలు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, పెళ్ళిపంక్తిలో వియ్యంకులు ముందు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని అనుకున్నట్టు. ఈ మర్యాదలు తెమిలేలోపు ఎదుటివాడు తలతో కొట్టేసి వెళ్ళిపోతాడు.

కెప్టెన్ బంతిని ముందుకు పంపడం మానేసి చాలా కాలమైంది. పక్కకు పంపుతాడు, లేదంటే వెనక్కి. వ్యాఖ్యాతలు దాన్ని అనుభవం అంటారు. ఫైలును ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిపేవాళ్ళు మా ఆఫీసులోనూ ఉన్నారు, వాళ్ళను పొగిడేవాళ్ళెవరూ లేరు. ఇతనితో నాకు పాత లెక్క ఒకటుంది. రైలెక్కి అంతదూరం పోయి మ్యాచ్ చూసి, ఓడిపోయినా సరే అని జట్టు బస్సు పక్కన నిలబడి చెయ్యూపాను. అతను నన్ను చూశాడు. చూసి కిటికీ తెర లాగేసుకున్నాడు. ఓడినవాడికి మొహం చెల్లదు, అర్థం చేసుకోగలను. కానీ నేను అతన్ని తిట్టడానికి పోలేదు. తిట్టాలనుకుంటే చిత్తూరునుంచే తిట్టేవాణ్ణి.

ఇక విదేశం నుంచి తెచ్చిన స్ట్రైకర్. మా ఫ్యాక్టరీ బెల్టు మీదికి లారీల కొద్దీ తోతాపురి మామిడి వస్తుంది. కార్బైడ్ పెట్టి మాగించిన కాయ దూరంనుంచి చూస్తే బంగారంలా ఉంటుంది. చేత్తో నొక్కితే గుట్టు తెలుస్తుంది, కోస్తే నోరు పులుస్తుంది. ఇతన్ని కొనేముందు జట్టువాళ్ళు జనం మీదికి వదిలిన వీడియోలది ఆ రంగే. ఆ గోల్స్ ఎప్పటివో, ఏ లీగులో కొట్టినవో ఎవరూ అడగలేదు. మా దగ్గర కాయ కొనే మనిషి నొక్కి చూడకుండా కొంటే మర్నాడు పనిలో ఉండడు. అక్కడ కొన్నవాడు ఇప్పటికీ కోటు వేసుకుని ముందు వరుసలో కూర్చుంటున్నాడు.

పనికిరాడని వీళ్ళు వదిలేసిన వింగర్ ఒకడున్నాడు. ఆ సీజన్‌లో ఇంకో జట్టుకు ఆడుతూ మా మీద గోల్ కొట్టాడు. పాత జట్టు కదా అని గంతులు వేయకుండా స్టాండువైపు తిరిగి దణ్ణం పెట్టాడు. మాకు మిగిలిన మర్యాద అంతా ఆ పిల్లవాడి దగ్గరే ఉందనిపించింది. కోచ్ ఆ సాయంత్రం కూడా మైకు ముందు కూర్చుని "ఈ మ్యాచ్ నుంచి నేర్చుకుంటాం" అన్నాడు. ఓడిన ప్రతిసారీ ఇదే మాట. ఇంత నేర్చుకున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు పాసవ్వాలి కదా.

ఇలాంటి జట్టు లీగు చివరి రోజుదాకా లెక్కలో ఉందంటే మిగతావాళ్ళు కూడా అంతంతమాత్రమే అన్నమాట. ఆఖరి మ్యాచ్ సొంత మైదానంలో. గెలిస్తే నాకౌట్. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. నేను టీవీ కట్టేయబోతున్నాను. అంతలో వ్యాఖ్యాత కేకలు మొదలుపెట్టాడు. వీళ్ళతో పోటీలో ఉన్న జట్టు ఇంకో ఊళ్ళో, చివరి నిమిషంలో పెనాల్టీ ఇచ్చుకుని అదీ ఓడిపోయింది. దాంతో వీళ్ళు చేరిపోయారు. ఓడిపోయినవాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. మైదానం చుట్టూ తిరిగి జనానికి చేతులూపారు. కెప్టెన్ చొక్కా విప్పి గాల్లో తిప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వంటింట్లోంచి నా భార్య వచ్చింది.

"చేరినారా?"

"చేరలా. ఎవురో తోసేస్తే లోపల పడినారు."

"పడినారా, లేదా?"

"పడినారు."

"అయితే గుండే."

ఇవ్వనన్నాను. నేను అడిగింది ఆడి గెలిచి చేరే జట్టు కోసం. ఈ ఆటకు తలనీలాలిస్తే, భేష్, బాగా ఆడారని నేను ఒప్పుకున్నట్టే. ఆమె ఫోన్ తీసి వాళ్ళ నాయనకు కలిపి నా చేతికిచ్చింది. ఆయన అంతా విన్నాడు.

"నువ్వు సామి ముందర ఏమన్నావు? గెలిపించి చేర్చు అన్నావా, ఊరికే చేర్చు అన్నావా?"

"చేర్చు అన్నాను మామా."

"ఇంకేముండాది? ఆయనకు నువ్వు షరతు పెట్టలా. ఎట్లనో చేర్చినాడు. నీవోళ్ళను లోపలెయ్యాలని పాపం ఇంకో జట్టునే ముంచాల్సొచ్చింది, సూడు ఆయనకెంత పని పెట్టినావో!"

"అది కాదు మామా, వాళ్ళ ఆట…"

"ఆట సంగతి నాకు తెలీదు. మొక్కు ఎగ్గొట్టినోడి మామగా నేను ఆ ఆపరేషన్ బల్లమీద పండుకోలేనప్పా. నీ తల నున్నగైనాకనే నా కాలు."

ఊరికే బెదిరిస్తున్నాడనుకున్నాను. వాయిదాలు పడుతూ వచ్చిన ఆపరేషన్ ఆ వారంలోనే. ఆయన నిజంగానే ఆసుపత్రికి ఫోన్ చేసి రానని చెప్పేశాడు. నేనూ మెత్తబడలేదు. మొండితనంలో ఆయనకు నేనేమీ తక్కువ కాదు. సర్దిచెబుదామని తిరుపతి పోయాను. తలుపు తట్టాను. లోపల మంచం కిర్రుమంది. చాలాసేపటికి గోడకు చెయ్యి రాసుకుంటున్న శబ్దం, మధ్యమధ్య ఆగుతూ, తలుపుదాకా వచ్చింది. ఆయన తలుపు తీశాడు. మొహమంతా చెమట. మొక్కు మాటే ఎత్తలేదు.

"రాప్పా. కాఫీ తాగుతావా?" అన్నాడు.

కాఫీ నేనే పెట్టాను. మర్నాడు పొద్దున్నే కొండ బస్సెక్కాను.

కల్యాణకట్టలో నా తల తడిపిన మంగలాయన మాటకారి.

"ఏం మొక్కు సామీ? ఉద్యోగమా, బిడ్డా?"

"ఫుట్‌బాల్."

కత్తి ఆగింది. "గెలిచినారా?"

"లేదు."

"మరి?"

"ఓడిపోయి చేరినారు."

ఆయన కత్తిని మళ్ళీ తడిపాడు. "తల వంచండి" అన్నాడు.

వెంట్రుకలు ఒళ్ళో పడుతుంటే స్వామికి స్పష్టంగా చెప్పుకున్నాను. ఇది నేనిచ్చిన మాట కోసం. ఆ డిఫెండర్లను నేను మెచ్చుకున్నట్టు దయచేసి రాసుకోవద్దు.

ఆసుపత్రివాళ్ళను బతిమాలి తేదీ నిలబెట్టించుకున్నాం. ఆపరేషన్ బాగా జరిగింది. నాకౌట్ మ్యాచ్ ఆ మర్నాటి సాయంత్రం. నేను ఆసుపత్రి వరండాలోకి పోయి చూద్దామనుకున్నాను. మామ పోనివ్వలేదు.

"యాడికి? ఈడనే పెట్టు. నీ వెంట్రుకలు ఎవుడికి పోయినాయో నేను గూడా సూడల్ల."

ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి పెట్టాను. ఆయన జీవితంలో ఫుట్‌బాల్ చూడటం అదే మొదలు. మావాళ్ళ మీద మొదటి గోల్ పడినప్పుడు ఫోన్‌ను దగ్గరికి జరపమన్నాడు. రెండోదానికి దిండుమీద కాస్త లేచాడు. మూడోదానికి నావైపు తిరిగి నా తల చూశాడు.

"వీళ్ళకా?"

"వీళ్ళకే మామా."

"అప్పా… అప్పా…" అని తల పట్టుకున్నాడు. నా భార్య పంటి బిగువున నవ్వు ఆపుకుని బయటికి పోయింది. నాలుగోది పడ్డాక ఆటను కట్టేయమన్నాడు, మళ్ళీ తనే పెట్టమన్నాడు, ఎంత సిగ్గులేకుండా ఓడతారో చూద్దామని.

మర్నాడు ఉదయం ఆయన్ను నడిపించడానికి ఒకమ్మాయి వచ్చింది. వాకర్ ముందు పెట్టి, కాలు ఆనించమంది. ఆయన భయపడ్డాడు. మంచం అంచు వదల్లేదు. నేను పక్కన నిలబడి భుజం ఇచ్చాను.

"ఆ పొడుగోడు," అన్నాడు ఆయన కాలు కింద ఆనిస్తూ, "చేతులు యాడ పెట్టుకోనుండాడప్పా? జోబీలోనా?"

ఒక అడుగు పడింది. తర్వాత కోచ్‌ను అందుకున్నాడు. ఆ కోటు వేసుకున్నాయన వంతు కూడా వచ్చింది. ఆ అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "బాగుంది తాతా, అట్లనే, అట్లనే" అంటూ ముందు నడుస్తోంది. తలుపుదాకా పోయేసరికి జట్టులో తిట్టు తినని మనిషి మిగల్లేదు. వెనక్కి తిరిగి మంచందాకా రావాలి కదా, కెప్టెన్ బస్సు కిటికీ తెర లాగేసుకున్న సంగతి నేనందించాను.